ప్యాక్డ్ బెడ్లలో గాలి, నీరు, వేడి, తేమ: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

కోళ్ళ షెడ్లకు కూలింగ్ ప్యాడ్లు, మామిడి గుజ్జు పరిశ్రమలకు కూలింగ్ టవర్లు, గోదాములకు తేమను పీల్చే యంత్రాలు అమర్చడం, వాటిని బాగు చేయడం నా పని. ఎక్కడికి వెళ్ళినా దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. ఎక్కువ మంది యంత్రం సామర్థ్యం గురించి అడుగుతారు. తమ ఊరి గాలి ఎంత పొడిగా ఉందని అడిగేవారు తక్కువ. నిజానికి ముందు తెలుసుకోవలసింది అదే.

ప్యాక్డ్ బెడ్ అంటే ఏమిటి?

గాలి ద్రవానికో, నింపిన పదార్థానికో బాగా తగిలేలా ఒక గదిలోనో గొట్టంలోనో ఏదైనా పదార్థాన్ని వదులుగా నింపితే అది ప్యాక్డ్ బెడ్. అట్టను ముడతలు ముడతలుగా అతికించి చేసే కూలింగ్ ప్యాడ్ కూడా అదే కోవలోది. వేడి నీటిని చల్లబరిచే కూలింగ్ టవర్లోని ప్లాస్టిక్ ఫిల్ (నీరు పలుచగా పారేందుకు లోపల నింపే దిమ్మలు), రసాయన పరిశ్రమల టవర్లలో పోసే పింగాణీ వలయాలు, తేమను పీల్చే సిలికా జెల్ గుళికల పొర, అన్నీ ఒక కుటుంబమే. వట్టివేళ్ళ తడికకు నీళ్ళు చల్లి కిటికీకి కట్టిన మన పెద్దలు వాడింది కూడా ఇదే.

నింపడం ఎందుకంటే ఉపరితలం కోసం. ఒక ఘనమీటరు పెట్టెకు ఆరు ముఖాలూ కలిపి 6 చదరపు మీటర్ల వైశాల్యమే ఉంటుంది. అదే పెట్టెను రాషిగ్ వలయాలు అనే 25 మిల్లీమీటర్ల పింగాణీ గొట్టపు ముక్కలతో నింపితే లోపల సుమారు 190 చదరపు మీటర్ల ఉపరితలం దొరుకుతుంది. మన లెక్కలో అది దాదాపు అయిదు సెంట్ల స్థలం. అంత స్థలంలో పరచిన పలుచని నీటి పొర మీదుగా గాలి పోతున్నట్టు ఊహించుకోండి.

వేడి, తేమ రెండింటినీ కలిపి ఎందుకు చూడాలి? చల్లదనం ఒక్కటే చూస్తే చాలదా?

చాలదు. గాలి చల్లబడేది నీరు చల్లగా ఉన్నందువల్ల కాదు, నీరు ఆవిరవుతున్నందువల్ల. ఒక కిలో నీరు 30 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఆ వేడిని నీరు తనను తాకుతున్న గాలి నుంచే తీసుకుంటుంది. గాలి వేడిని కోల్పోతుంది, బదులుగా తేమను మోసుకుపోతుంది. కుండలో నీరు చల్లబడేదీ ఇలాగే. కుండ గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. ఆవిరి పోవడానికి వీలు లేకపోతే చల్లదనమూ ఉండదు. అందుకే వానపడే రోజున కుండ నీరు అంత చల్లగా అనిపించదు.

గాలి, నీళ్ళ జంటకు ఒక అరుదైన అదృష్టం ఉంది. వేడి బదిలీ అయ్యే వేగానికీ, తేమ బదిలీ అయ్యే వేగానికీ మధ్య సరళమైన సంబంధం ఉందని అమెరికా రసాయన ఇంజనీరు వారెన్ లూయిస్ 1922లో చూపించారు. ఒక దాని గుణకం (వేగాన్ని చెప్పే అంకె) తెలిస్తే రెండోది దాదాపు తెలిసినట్టే. అన్ని ద్రవాలకూ ఇది కుదరదు. నీటి ఆవిరి గాలిలో వ్యాపించే వేగమూ, వేడి గాలిలో వ్యాపించే వేగమూ దగ్గర దగ్గరగా ఉండడం వల్ల ఇక్కడ కుదిరింది. కింద చెప్పే లెక్కలన్నీ ఇంత సులువుగా తేలడానికి కారణం అదే.

తడి బల్బు ఉష్ణోగ్రత అంటే ఏమిటి? ఇంట్లో కొలవవచ్చా?

తప్పకుండా కొలవవచ్చు. కొనే ముందు కొలవండని ప్రతి ఒక్కరినీ బతిమాలుతూ ఉంటాను. రెండు ధర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని బల్బుకు పలుచని నూలు గుడ్డ చుట్టి, స్వేదన జలంతో తడపండి. రెండింటినీ నీడలో ఉంచి, ఫ్యాను గాలి బలంగా తగిలేలా పెట్టండి. కొన్ని నిమిషాలకు తడి గుడ్డ చుట్టిన ధర్మామీటరు ఒక అంకె దగ్గర నిలిచిపోతుంది. అదే తడి బల్బు ఉష్ణోగ్రత. గాలి తగలనివ్వకపోతే అంకె ఎక్కువ చూపిస్తుంది. గుడ్డ మురికిగా ఉన్నా అంతే. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కొలిస్తే మీ ఊరి గాలి స్వభావం తెలుస్తుంది.

ప్యాడ్ ఎంత మంచిదైనా, ఎంత ఖరీదైనా, గాలిని ఆ అంకె కంటే కిందకు దించలేదు. అది ప్రకృతి గీసిన గీత.

మే నెలలో తిరుపతిలో గాలి ఎంత చల్లబడుతుంది? అదే యంత్రం అక్టోబరులో ఎందుకు పనిచేయడం లేదు?

యంత్రం చెడిపోలేదు, గాలి మారింది. మంచి ప్యాడ్ సామర్థ్యం 80 శాతం అనుకుందాం. అంటే పొడి బల్బు (మామూలు ధర్మామీటరు చూపే గాలి ఉష్ణోగ్రత), తడి బల్బుల తేడాలో 80 శాతం మేర గాలి చల్లబడుతుంది. మే నెల మధ్యాహ్నం గాలి 40 డిగ్రీలు ఉండి, తేమ 30 శాతం ఉంటే తడి బల్బు 26 డిగ్రీల చుట్టూ ఉంటుంది. తేడా 14. అందులో 80 శాతం అంటే 11.2. గాలి 28.8 డిగ్రీలకు వస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు ఇది పెద్ద ఉపశమనమే. తేమ 20 శాతానికి పడిపోయిన రోజున 26 వరకు కూడా దిగుతుంది.

ఇప్పుడు 35 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న రోజు చూడండి. తడి బల్బు 28 దాటుతుంది. తేడా ఆరున్నర డిగ్రీలే. ప్యాడ్ అదే, పంపు అదే, ఫ్యాను అదే. గాలి మాత్రం 30 దగ్గర ఆగిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు వచ్చాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, 32 డిగ్రీల దగ్గర తేమ 80 శాతం ఉన్న రోజున తేడా మూడు డిగ్రీలే మిగులుతుంది. అప్పుడు పంపు ఆపి ఫ్యాను ఒక్కటే నడపడం మంచిది. శ్రీకాళహస్తి, సూళ్ళూరుపేట వైపు సముద్రపు గాలి తగులుతుంది. పలమనేరు, కుప్పం వైపు ఎత్తైన నేల. ఒకే యంత్రం రెండు చోట్లా ఒకేలా పనిచేయకపోవడంలో వింత లేదు. పక్క జిల్లా బంధువు చెప్పిన అంకెలను చూసి కొనవద్దు.

ప్యాడ్ మందం రెట్టింపు చేస్తే చల్లదనం రెట్టింపు అవుతుందా?

అవదు. మొదటి కొన్ని సెంటీమీటర్లలోనే గాలి ఎక్కువ తేమను తీసుకుంటుంది. లోపలికి పోయేకొద్దీ గాలికీ తడి ఉపరితలానికీ తేడా తగ్గిపోతుంది, బదిలీ నెమ్మదిస్తుంది. ఒక మందం దగ్గర సామర్థ్యం 63 శాతం ఉందనుకోండి. అదే గాలి వేగంతో మందం రెట్టింపు చేస్తే 86, మూడు రెట్లు చేస్తే 95 వస్తుంది. రెండో పొరకు 23 శాతం లాభం, మూడో పొరకు 9 శాతమే. కానీ గాలికి కలిగే అడ్డు మాత్రం ప్రతి పొరకూ సమానంగా పెరుగుతుంది. కరెంటు బిల్లు ఆ అడ్డుకే కడతాం. ఎక్కువ చోట్ల 100 లేదా 150 మిల్లీమీటర్ల ప్యాడ్లే వాడడానికి కారణం ఇదే.

తొట్టిలో ఐసు వేస్తే ఇంకా చల్లగా వస్తుందా?

వేసవిలో నన్ను ఎక్కువ మంది అడిగేది ఇదే. లెక్క చూడండి. ఒక కిలో ఐసు కరిగి, ఆ నీరు 25 డిగ్రీలకు చేరేసరికి సుమారు 440 కిలోజౌళ్ళ వేడిని తీసుకుంటుంది. ఒక కిలో నీరు ఆవిరైతే తీసుకునేది 2,430. అంటే పది కిలోల ఐసు చేసే పని రెండు లీటర్ల నీరు ఆవిరైతే అయిపోతుంది. ఐసు డబ్బుతో ప్యాడ్లు శుభ్రం చేయించుకుంటే ఎక్కువ లాభం.

దీనికి మరో వైపు కూడా ఉంది. మిద్దె మీద తొట్టిలో నీరు ఎండకు కాగిపోయిందని కంగారు పడేవారు ఉన్నారు. ప్యాడ్ మీదుగా మళ్ళీ మళ్ళీ తిరిగే నీరు కాసేపటికి తడి బల్బు ఉష్ణోగ్రతకు చేరి అక్కడే నిలుస్తుంది. కొత్తగా చేరే నీరు కాస్త వేడిగా ఉన్నా ఫలితంలో పెద్ద తేడా రాదు.

ఎంత నీరు ఖర్చవుతుంది?

సెకనుకు ఒక ఘనమీటరు గాలిని 40 నుంచి 28.8 డిగ్రీలకు దించితే గంటకు సుమారు 19 లీటర్లు ఆవిరవుతుంది. మీ ఫ్యాన్లు లాగే మొత్తం గాలితో హెచ్చవేసుకోండి. వదిలేయవలసిన నీరు వేరు. దాని సంగతి బోరు నీటి ప్రశ్న దగ్గర చెప్పాను.

కోళ్ళ షెడ్డులో ప్యాడ్లు నడుస్తున్నా కోళ్ళు నోరు తెరిచి రొప్పుతున్నాయి. ఎందుకు?

కోడికి చెమట గ్రంథులు లేవు. రొప్పడం ద్వారా ఊపిరితో తేమను బయటకు పంపి ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. అది కూడా ఆవిరి ద్వారా చల్లబడడమే. ప్యాడ్ గాలిని చల్లబరుస్తూ తేమతో నింపుతుంది. 35 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న రోజున ప్యాడ్ దాటిన గాలిలో తేమ 85 శాతం దాటిపోతుంది. అయిదు డిగ్రీల చల్లదనం ఇచ్చామనుకుంటాం, ఆ కోడి రొప్పి పొందే ఉపశమనాన్ని తగ్గించామని గమనించం. అలాంటి రోజుల్లో కోడి మీదుగా గాలి వేగంగా పోవడమే ముఖ్యం. పంపును కొద్ది నిమిషాలు నడిపి, కొద్ది నిమిషాలు ఆపుతూ, ఫ్యాన్లన్నీ తిప్పండి. థర్మోస్టాట్ ఒక్కదానికే పంపును అప్పగించవద్దు. తేమను చూసే సెన్సరు కూడా ఉండాలి. మూగజీవాలు చెప్పుకోలేవు కాబట్టి ఈ ఒక్క విషయంలో నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను.

షెడ్డు గోడల్లో కన్నాలు, మూయని తలుపులు ఉన్నాయేమో కూడా చూడండి. ప్యాడ్ గాలికి అడ్డు. దారి దొరికితే గాలి ప్యాడ్ వదిలి కన్నంలోంచి వేడిగానే వచ్చేస్తుంది.

ఫ్యాను పెద్దది పెడితే సరిపోతుందా?

గాలి వేగం పెంచితే ప్యాడ్లో గాలి ఉండే సమయం తగ్గుతుంది, సామర్థ్యం తగ్గుతుంది, నీటి తుంపరలు కూడా లోపలికి కొట్టుకొస్తాయి. అడ్డు అంతకన్నా వేగంగా పెరుగుతుంది. గుళికలు నింపిన బెడ్లో పీడన నష్టానికి, అంటే గాలికి కలిగే అడ్డుకు, రసాయన ఇంజనీరు సాబ్రి ఎర్గున్ 1952లో ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నాం. తక్కువ వేగంలో నష్టం వేగంతో పాటు పెరుగుతుంది. ఎక్కువ వేగంలో వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే నష్టం నాలుగింతలు.

ఆ సూత్రంలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది గుళికల మధ్య ఖాళీ పాత్ర. ఖాళీ 45 శాతం నుంచి 40 శాతానికి తగ్గితే, తక్కువ వేగంలో నష్టం దాదాపు 1.7 రెట్లు అవుతుంది. అయిదు శాతం దుమ్ము పేరుకుంటే చాలన్నమాట. కాబట్టి మోటారు మార్చే ముందు బెడ్ను తెరిచి చూడండి.

కూలింగ్ టవర్లో నీరు బయటి గాలి కంటే చల్లగా ఎలా వస్తుంది? ఇది నమ్మలేకపోతున్నాం.

ఈ సందేహం వచ్చిందంటే మీరు సరిగ్గా ఆలోచిస్తున్నారని అర్థం. తోతాపురి కాయలు దిగే రోజుల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు పరిశ్రమలు రాత్రింబగళ్ళు నడుస్తాయి. వేడిచేసిన గుజ్జును చల్లబరిచిన నీరు 45 డిగ్రీలతో టవర్ పైకి వస్తుంది. బయట గాలి 38 డిగ్రీలు, తడి బల్బు 26. కింద తొట్టిలోకి నీరు 31 డిగ్రీలతో పడుతుంది. 38 డిగ్రీల గాలి తగిలిన నీరు 31కి ఎలా దిగింది?

టవర్ను పై నుంచి కిందకు ఊహించుకోండి. పైభాగంలో నీరు గాలి కంటే వేడి. అక్కడ వేడి కూడా నీటి నుంచి గాలిలోకి పోతుంది, ఆవిరి కూడా నీటి నుంచి గాలిలోకి పోతుంది. రెండూ ఒకే దిశ. కింద భాగానికి వచ్చేసరికి నీరు గాలి కంటే చల్లబడి ఉంటుంది. ఇప్పుడు వేడి గాలి నుంచి నీటిలోకి వస్తుంది. కానీ గాలి ఇంకా పొడిగానే ఉంది కాబట్టి నీరు ఆవిరవుతూనే ఉంటుంది. గాలి ఇచ్చే వేడి కంటే ఆవిరి తీసుకుపోయే వేడి ఎక్కువ. ఒక చేత్తో తీసుకుంటూ, రెండో చేత్తో అంతకన్నా ఎక్కువ ఇస్తూ నీరు చల్లబడుతూ పోతుంది. ఈ రెండు ప్రవాహాలనూ విడివిడిగా లెక్కించడం కష్టం. జర్మన్ ఇంజనీరు ఫ్రీడ్రిష్ మెర్కెల్ 1925లో లూయిస్ సంబంధాన్ని ఆధారం చేసుకుని, రెండింటినీ కలిపి గాలి మొత్తం ఉష్ణశక్తి తేడా అనే ఒకే చోదక శక్తిగా చూపించారు. టవర్ లెక్కలకు ఇప్పటికీ అదే పునాది.

31 డిగ్రీలకు, తడి బల్బు 26కు మధ్య ఉన్న ఆ అయిదు డిగ్రీలనే టవర్ పనితనానికి కొలతగా చూడాలి. అది మూడు నుంచి అయిదు మధ్య ఉంటే మంచి టవర్. ఎనిమిది, తొమ్మిది అయిందంటే లోపల ఏదో జరిగింది.

చిత్తూరు దగ్గర ఒక గుజ్జు పరిశ్రమలో నాకు ఇదే ఎదురైంది. సీజను మధ్యలో నీరు చల్లబడడం లేదని ఫ్యానుకు పెద్ద మోటారు కొని బిగించారు. ఫలితం లేదు. నేను తడి బల్బు కొలిచి, ఫిల్ దిమ్మలు బయటకు తీయించాను. గాలి పోవలసిన సందుల నిండా తెల్లని సున్నపు పొర. ఒంటి చేత్తో ఎత్తగలిగే దిమ్మను ఇద్దరు మోయవలసి వచ్చింది. మోటారు ఖర్చుతో కొత్త ఫిల్ వచ్చి ఉండేది.

బోరు నీరు వాడవచ్చా?

వాడవచ్చు, కానీ కొంత నీటిని వదిలేస్తూ ఉండాలి. ఆవిరయ్యేది నీరు మాత్రమే. అందులోని లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి. మన బోరు నీరు చాలా చోట్ల కఠిన జలమే. లవణాల గాఢత వచ్చిన నీటికి మూడు రెట్లు మించకుండా చూడాలంటే, ఆవిరయ్యే నీటిలో సగం పరిమాణం రోజూ వదిలేయాలి. పైన చెప్పిన 19 లీటర్ల ఉదాహరణలో గంటకు తొమ్మిదిన్నర లీటర్లు. నీళ్ళు వృథా అవుతున్నాయని ఈ గొట్టాన్ని మూసేసే వారున్నారు. నీటి కరువు చూసిన జిల్లా వాళ్ళం, ఆ బాధ నాకు తెలుసు. ఆ నీటిని మొక్కలకు, నేల కడగడానికి వాడుకోండి, గొట్టం మాత్రం మూయకండి. కూలింగ్ టవర్కూ ఇదే సూత్రం: నీరు 12 డిగ్రీలు చల్లబడితే తిరిగే నీటిలో సుమారు 2 శాతం ఆవిరవుతుంది. గంటకు 50 వేల లీటర్లు తిరిగితే వెయ్యి లీటర్లు.

ప్యాడ్ మీద యాసిడ్ పోసి సున్నం కరిగించవద్దు. అట్టను అతికించిన జిగురు వదులుతుంది.

ప్యాడ్లో ఒక మూల ఎప్పుడూ పొడిగా ఉంటోంది. పట్టించుకోవాలా?

వెంటనే పట్టించుకోండి. పదో వంతు పొడిగా ఉంటే ఆ మేర 40 డిగ్రీల గాలి నేరుగా వచ్చి, 28.8 డిగ్రీల గాలితో కలిసి మొత్తాన్ని 30 దగ్గరకు తెస్తుంది. నిజానికి నష్టం ఇంకా ఎక్కువ. నీరు లేని చోట అడ్డు తక్కువ కాబట్టి గాలి అటువైపే మొగ్గు చూపుతుంది. పై గొట్టం రంధ్రాలు మూసుకుపోవడం, గొట్టం ఒక వైపు వాలి ఉండడం, దాదాపు ఎప్పుడూ ఈ రెండే కారణాలు. పొడవైన టవర్లలోనూ నీరు గోడల వైపు జారిపోయే గుణం ఉంది. అందుకే మధ్యలో దాన్ని మళ్ళీ లోపలికి మళ్ళించే పళ్ళేలు పెడతారు.

పట్టుపురుగుల గదికి ప్యాడ్ పనికివస్తుందా?

ఇక్కడ తేమ శత్రువు కాదు, స్నేహితుడు. చాకీ దశలో, అంటే పురుగులు చిన్నగా ఉన్నప్పుడు, వాటికి 27, 28 డిగ్రీలు, 80 నుంచి 90 శాతం తేమ కావాలి. ప్యాడ్ ఇచ్చేది అదే. చివరి దశలో మాత్రం 24, 25 డిగ్రీలు, 70 శాతం లోపు తేమ కావాలి. ప్యాడ్ ఈ రెండింటినీ ఒకేసారి ఇవ్వలేదు. అప్పుడు గాలి బాగా ఆడనివ్వాలి.

వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లుతోంది. సిలికా జెల్ బెడ్ పెడితే ఆగుతుందా?

ఆగుతుంది, ఖర్చు తెలిసి పెట్టుకోండి. సిలికా జెల్ గుళికలలో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. గాలిలోని తేమ వాటి గోడలకు పట్టుకుంటుంది. ప్యాడ్లో జరిగేదానికి ఇది తలకిందులు: తేమ గాలిని వదులుతుంది, వేడి గాలిలోకి వస్తుంది. కిలో గాలి నుంచి ఒక గ్రాము తేమ తీస్తే గాలి సుమారు రెండున్నర డిగ్రీలు వేడెక్కుతుంది. వాన రోజున 30 డిగ్రీల గాలి నుంచి 8 గ్రాములు తీయాలంటే 20 డిగ్రీలు పెరిగి 50కి చేరుతుంది. ఆ గాలిని నేరుగా బెల్లం గోదాములోకి పంపితే బెల్లం మెత్తబడుతుంది. మధ్యలో చల్లబరిచే కాయిల్ తప్పనిసరి.

బెడ్ మొత్తం ఒకేసారి తడవదు. గాలి వచ్చే వైపు గుళికలు ముందుగా నిండిపోతాయి, పని జరిగే పట్టీ నెమ్మదిగా రెండో చివరకు జరుగుతుంది. ఆ పట్టీ చివరను తాకేదాకా బయటకు పొడి గాలే వస్తుంది. తాకగానే తేమ ఒక్కసారిగా పెరుగుతుంది. నిన్నటి వరకు బాగా పనిచేసింది, ఈరోజు ఏమైందని అడిగేవారికి ఇదే జవాబు. రంగు మారే గుళికలు కొన్నింటిని చివర అద్దం దగ్గర ఉంచితే ముందే తెలుస్తుంది. తర్వాత 120 నుంచి 150 డిగ్రీల వేడి గాలి పంపి గుళికలను ఆరబెట్టాలి. రెండు బెడ్లు ఉంటే ఒకటి పనిచేస్తుండగా రెండోది ఆరుతుంది.

కోళ్ళ షెడ్డు అమ్మోనియా వాసనను ప్యాడ్ తగ్గిస్తుందా?

కొద్దిగానే. అమ్మోనియా నీటిలో బాగా కరుగుతుంది, కానీ మళ్ళీ మళ్ళీ తిరిగే నీరు త్వరగా నిండిపోయి ఇక తీసుకోదు. పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం తిరిగే ప్యాక్డ్ టవర్ అయితే అమ్మోనియాను అమ్మోనియం సల్ఫేటుగా మార్చి పట్టి ఉంచుతుంది. అది ప్యాడ్ పని కాదు, నిపుణులు అమర్చవలసిన పరికరం.

ఆరోగ్యానికి హాని ఉందా?

శుభ్రం చేయని కూలింగ్ టవర్ల వల్ల ఉంది. నిలిచిన నీటిలో, 20 నుంచి 45 డిగ్రీల మధ్య, లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. తుంపరలను పీల్చిన వారికి తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో దీని వల్లే పలువురు మరణించారు. తుంపరలను ఆపే పలకలు విరిగి ఉంటే ఆ రోజే మార్చండి. భవనంలోకి గాలి లాగే కిటికీలకు టవర్ను దూరంగా ఉంచండి.

రాత్రి ప్యాడ్ను ఎలా వదలాలి?

ముందు పంపు ఆపండి. ఫ్యాన్లను మరో అరగంట తిప్పి ప్యాడ్ పూర్తిగా ఆరాక ఆపండి. రోజుకు ఒక్కసారైనా ఆరిన ప్యాడ్కు నాచు పట్టదు.